బిజినెస్ స్టడీస్ టీచర్‌గా శిక్షణ: తేలిగ్గా కనిపించే సబ్జెక్టును చెప్పడం నేర్చుకోవాలంటే

బిజినెస్ స్టడీస్ పుస్తకం తిరగేస్తే అన్నీ తెలిసిన మాటలే కనిపిస్తాయి: ధర, లాభం, ప్రకటన, జీతం, కొనుగోలుదారు. పిల్లలకూ అలాగే అనిపిస్తుంది. అందుకే పరీక్షలో చదివింది వదిలేసి లోకజ్ఞానం రాసి వస్తారు. "ధర తగ్గిస్తే ఎక్కువమంది కొంటారు, లాభం పెరుగుతుంది" అని రాసిన విద్యార్థికి సగం మార్కులు కూడా పడవు. ఎందుకు పడలేదో అతనికి తెలియదు. శిక్షణలో ఉన్న టీచర్‌కూ మొదట్లో తెలియదు, ఆ వాక్యం తనకూ సరిగ్గానే తోస్తుంది కాబట్టి. ధర తగ్గితే ఒక్కో వస్తువు మీద మిగిలేది ఎంత తగ్గింది? ఆ లోటు పూడాలంటే అదనంగా ఎన్ని అమ్మాలి? అన్ని తయారుచేసే సత్తా ఉందా? పోటీదారు కూడా తగ్గిస్తే ఏమవుతుంది? సబ్జెక్టంతా ఈ ప్రశ్నల్లోనే ఉంది. తెలిసినట్టు కనిపించే మాట వెనక ఉన్న ఈ గొలుసును పిల్లల చేత పట్టించడమే శిక్షణ కాలంలో నేర్చుకోవాల్సిన అసలు పని.

దేశాన్ని బట్టి దారి మారినా ఎక్కాల్సిన మెట్లు దాదాపు ఒకటే: సంబంధిత డిగ్రీ, ఆపై బోధన శిక్షణ కోర్సు, అందులో భాగంగా బడిలో కొన్ని వారాలో నెలలో టీచింగ్ ప్రాక్టీస్, చివర్లో అర్హత పత్రం. కోర్సు ఎంచుకునేటప్పుడు ఒక్క విషయం గట్టిగా అడగండి: బడిలో మీ మెంటర్ (ప్రాక్టీస్‌లో మీకు దారి చూపే సీనియర్ టీచర్) ఈ సబ్జెక్టు చెప్పేవారేనా? చాలా బడుల్లో బిజినెస్‌కు ఒక్కరే టీచర్ ఉంటారు, కొన్నిచోట్ల వేరే సబ్జెక్టు టీచరే ఇదీ చెబుతుంటారు. అలాంటి మెంటర్ దగ్గర తరగతిని అదుపులో పెట్టడం నేర్చుకోవచ్చు. బ్రేక్ ఈవెన్ (లాభమూ నష్టమూ లేని స్థాయి) లెక్కలో పిల్లలు ఎక్కడ జారిపడతారో మాత్రం ఆయన చెప్పలేరు. పీరియడ్లు నిండక అకౌంట్స్, ఎకనామిక్స్, కంప్యూటర్స్‌లో ఏదో ఒకటి కూడా చెప్పమనడం మామూలే కనుక రెండో సబ్జెక్టు ఒకటి ముందే సిద్ధం చేసుకోండి.

చేరకముందు: మీ ఖాళీలు ఎక్కడున్నాయి

ఈ సబ్జెక్టు పేరు కింద అకౌంట్స్, ఆర్థికశాస్త్రం, మార్కెటింగ్, మానవ వనరులు, ఉత్పత్తి నిర్వహణ, కాస్త చట్టం ఇరుక్కుని ఉంటాయి. ఏ డిగ్రీలోనూ ఇవన్నీ సమానంగా రావు. కామర్స్ చదివినవాళ్లు జర్నల్ ఎంట్రీలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు, మార్కెటింగ్ మీద ఒక పేజీ వాదన రాయమంటే పెన్ను ఆగిపోతుంది. మేనేజ్‌మెంట్ చదివినవాళ్లది దానికి తిరగబడ్డ కథ: మాటలు ధారాళం, ఆస్తి అప్పుల పట్టీ (బ్యాలెన్స్ షీట్) ముందు తడబాటు. ఎకనామిక్స్ నుంచి వచ్చినవాళ్లు గిరాకీ రేఖ గీసేస్తారు గానీ ఒక సంస్థలో ఆ రోజు ఎవరు ఏ నిర్ణయం తీసుకోవాలో చెప్పలేకపోతారు.

సిలబస్‌లోని ప్రతి అంశాన్నీ ఒక్కో వరుసగా రాసుకుని పక్కన మూడు గళ్లు గీయండి. పుస్తకం చూడకుండా నిర్వచనం రాయగలనా? అక్కడికక్కడే ఒక లెక్కో ఉదాహరణో కల్పించగలనా? పిల్లలు ఎక్కడ పొరబడతారో చెప్పగలనా? మొదటి రెండు గళ్లు చదివితే నిండుతాయి. మూడోది బడికి వెళ్లాకే నిండుతుంది, దాన్ని ఖాళీగానే ఉంచి వెంట తీసుకెళ్లండి. ఆ తర్వాత పాత ప్రశ్నపత్రాలు మూడు తీసుకుని గడియారం పెట్టుకుని రాసి, మార్కింగ్ స్కీమ్‌తో (దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టీతో) మీరే దిద్దుకోండి. పీజీ చేసినవాళ్లకు ఇక్కడే పెద్ద దెబ్బ తగులుతుంది. ఆరు మార్కుల ప్రశ్నకు రెండు పేజీలు రాసి, అడిగిన సంస్థ ఊసే ఎత్తకుండా వదిలేస్తారు.

తరగతిలో తప్పకుండా ఎదురయ్యే నాలుగు ప్రశ్నలున్నాయి. ఒక్కోదానికి రెండు నిమిషాల్లో, బోర్డు మీద గీసి చెప్పగలిగేలా సాధన చేయండి.

యజమాని పెట్టిన మూలధనం అప్పుల వైపు ఎందుకుంటుంది? ఆ పట్టీ సంస్థది, యజమానిది కాదు. సంస్థను వేరే వ్యక్తిగా ఊహించుకుంటే, అది యజమానికి అంత బాకీ. బ్యాంకులో వేసుకున్న డబ్బు మన పుస్తకంలో డెబిట్ అయితే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో క్రెడిట్ ఎందుకు? స్టేట్‌మెంట్ బ్యాంకు పుస్తకం. మనకు ఆస్తి అయినది దానికి మనకివ్వాల్సిన బాకీ. లాభం వచ్చినా చేతిలో డబ్బు లేకపోవడం ఏమిటి? 100 వస్తువులను ఒక్కోటి 50 చొప్పున రెండు నెలల అరువుకు అమ్మి, వాటి ఖర్చు 3,000 ఈరోజే కట్టేస్తే లాభం 2,000, నగదు మాత్రం 3,000 తరుగు. 80కి కొని 100కి అమ్మితే లాభం ఎంత శాతం? కొన్న ధర మీద 25, అమ్మిన ధర మీద 20. మొదటిది మార్కప్, రెండోది మార్జిన్. ఈ చివరి ప్రశ్నకు "రెండూ కరెక్టే" అని ఊరుకుంటే పిల్లలు ఏడాదంతా కలగాపులగం చేస్తారు. దేనితో భాగిస్తున్నామో ప్రతిసారీ నోటితో పలికించాలి.

మొదటి రోజులు: చూడటం

పాఠాలు గమనించే రోజుల్లో చాలామంది టీచర్ చెప్పింది రాసుకుంటారు. అది పుస్తకంలోనే ఉంది. ఇద్దరు ముగ్గురు పిల్లల పక్కన కూర్చుని వాళ్లు ఏం రాస్తున్నారో చూడండి. వివరణ ఏ నిమిషంలో ముగిసింది, పిల్లల పెన్ను ఏ నిమిషంలో కదిలింది, ఏ మాట దగ్గర పక్కవాడి నోట్సు చూశారు, ఇవి రాసుకోండి. ప్రశ్న అడిగాక టీచర్ ఎంతసేపు ఆగుతున్నారో కూడా లెక్కపెట్టండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ తరగతుల మీద చేసిన పనిలో తేలింది ఇది: టీచర్లు ప్రశ్న వేశాక సాధారణంగా ఒక సెకను మించి ఆగరు, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, తెలియదనేవాళ్లు తగ్గుతారు. "ఈ సంస్థ ఏం చేయాలి?" లాంటి ప్రశ్నలకు మూడు సెకన్లు కూడా చాలవు. ముందు ఒక వాక్యం నోట్సులో రాయమని, ఆ తర్వాత అడగండి.

మైక్రో టీచింగ్ చాలా కోర్సుల్లో ఉంటుంది. 1960ల్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన పద్ధతి ఇది. కొద్దిమంది ముందు ఐదు పది నిమిషాల పాఠం, ఒకే ఒక్క నైపుణ్యం, వెంటనే విమర్శ, మళ్లీ అదే పాఠం. దీన్ని తంతుగా ముగించేయకుండా పైన చెప్పిన నాలుగు ప్రశ్నల్లో ఒకటి తీసుకుని చెప్పండి. తోటి ట్రైనీలు తెలియనట్టు నటించకుండా నిజంగా అర్థం కానిచోట చెయ్యెత్తితేనే దానివల్ల ఉపయోగం.

ఒక పాఠం, నిమిషాల లెక్కన

లెసన్ ప్లాన్ ఫారంలో గళ్లు నింపడం ఎవరైనా నేర్పుతారు. గళ్ల వెనక జరగాల్సింది ఏమిటో చూడాలంటే బ్రేక్ ఈవెన్ మంచి ఉదాహరణ. లెక్క ఉంది, గ్రాఫ్ ఉంది, నిర్ణయం ఉంది, అన్నిటికీ మించి కొత్త టీచర్లు ఎక్కువగా పాడుచేసే పాఠం ఇదే. పాడయ్యేది ఒకే కారణంతో: మొదటి నిమిషంలోనే సూత్రం బోర్డెక్కుతుంది.

45 నిమిషాల పీరియడ్ అనుకోండి. కప్పుల మీద బొమ్మలు అచ్చువేసి అమ్మే చిన్న సంస్థ. నెలకు స్థిర వ్యయం (ఎన్ని అమ్మినా మారని అద్దెలాంటి ఖర్చు) 12,000. ఒక కప్పుకు చర వ్యయం (ఒక్కో కప్పుతో పెరిగే ఖర్చు) 20. అమ్మే ధర 50. ఈ మూడు అంకెలూ బోర్డు మీద రాసి "నెలకు కనీసం ఎన్ని కప్పులు అమ్మితే నష్టం రాదు?" అని అడిగి, ఊహించి నోట్సులో రాయమనండి. ఐదు నిమిషాలు. సరైన జవాబు ఇప్పుడే చెప్పొద్దు.

తర్వాతి పది నిమిషాలు పట్టిక. 0, 100, 200, 300, 400, 500 కప్పులకు అమ్మకాల రాబడి, చర వ్యయం, స్థిర వ్యయం, లాభం లేదా నష్టం. మొదటి రెండు వరుసలు మీరు, మిగతావి వాళ్లు. సున్నా దగ్గర నష్టం 12,000, వంద దగ్గర 9,000, అలా ప్రతి వందకూ 3,000 చొప్పున తగ్గుతూ 400 దగ్గర సున్నా, 500 దగ్గర లాభం 3,000. "ప్రతి వందకూ 3,000 ఎందుకు?" అని అడిగితే ఎవరో ఒకరు "కప్పుకు 30 మిగులుతోంది కదా" అంటారు. కంట్రిబ్యూషన్ (ధరలోంచి చర వ్యయం పోగా మిగిలేది) అనే మాట బోర్డెక్కాల్సింది అప్పుడు. 12,000 లోతు గొయ్యి ఉంది, ఒక్కో కప్పు 30 పోస్తుంది, గొయ్యి నిండేదాకా లాభం మాటే లేదు. ఈ బొమ్మ మనసులో పడ్డాక సూత్రం (స్థిర వ్యయం ÷ ఒక్కోదాని కంట్రిబ్యూషన్) రాయడానికి ఐదు నిమిషాలు ఎక్కువ.

ఆపై సొంతంగా నాలుగు లెక్కలు, పన్నెండు పదమూడు నిమిషాలు. వాటిలో ఒకటి భాగం తెగనిది ఉండాలి. అదే స్థిర వ్యయానికి కంట్రిబ్యూషన్ 35 అయితే 342.86 వస్తుంది. గణితం అలవాటుతో కొందరు 342.86 అనే వదిలేస్తారు, కొందరు 342 అని తగ్గిస్తారు. 342 కప్పుల దగ్గర ఇంకా నష్టమే, కాబట్టి 343. వరుసల మధ్య తిరుగుతూ రెండు తప్పులు వెతకండి. 12,000ను 50తో భాగించి 240 తెచ్చినవాళ్లు చర వ్యయాన్ని మరిచిపోయారు. 50, 20 కలిపి 70తో భాగించినవాళ్లకు కంట్రిబ్యూషన్ అంటే ఏమిటో తెలియలేదు. మొదటిది మరుపు, గుర్తు చేస్తే చాలు. రెండోదానికి మళ్లీ పట్టిక దగ్గరికి తీసుకెళ్లాలి.

చివరి పది నిమిషాల్లో ధర మార్చండి. 45 అయితే 480 కప్పులు, 40 అయితే 600. అప్పుడు ఒక్క సమాచారం జోడించండి: యంత్రం నెలకు 550 కప్పులకు మించి అచ్చువేయలేదు. 40 ధర దగ్గర ఎంత అమ్మినా నష్టమే అని పిల్లలే కనిపెడతారు. వెళ్లేముందు చీటీ మీద ఒక వాక్యం: "ధర తగ్గితే బ్రేక్ ఈవెన్ పెరుగుతుంది, ఎందుకంటే..." ఆ చీటీలే మీ రేపటి ప్లాన్.

గ్రాఫ్ ఇదే పీరియడ్‌లో ఇరికించొద్దు, రేపు చెప్పండి. అడ్డంగా 0 నుంచి 600, నిలువుగా 0 నుంచి 30,000. ప్రతి గీతకూ రెండు బిందువులు చాలు. రాబడి గీత సున్నా నుంచి 600 దగ్గర 30,000కు. మొత్తం వ్యయం గీత 12,000 నుంచి 600 దగ్గర 24,000కు. దాదాపు ప్రతి తరగతిలోనూ కొందరు వ్యయం గీతను కూడా మూల బిందువు నుంచే మొదలుపెడతారు. "ఒక్క కప్పూ అమ్మని నెలలో అద్దె కట్టక్కర్లేదా?" అని అడిగితే చెరిపి గీస్తారు. ఇంకో సలహా: గ్రాఫ్‌ను బోర్డు మీద మీరు కనీసం మూడుసార్లు ముందే గీసి చూసుకోండి. స్కేలు కుదరక నడి పాఠంలో చెరపడం కంటే ఇబ్బంది లేదు.

పాత మాటలు, కొత్త అర్థాలు

ఈ సబ్జెక్టులో నిఘంటువు చిక్కు ఒకటుంది. మాట తెలిసినదే, అర్థం వేరు. మార్కెటింగ్ పాఠంలో ప్రమోషన్ అనగానే పిల్లలు పదోన్నతి అనుకుంటారు. స్టాక్ ఒకచోట గోదాములో సరుకు, ఇంకోచోట వాటా. క్రెడిట్ ఒక అధ్యాయంలో అరువు, మరో అధ్యాయంలో ఖాతా కుడివైపు. మార్కెటింగ్ మిశ్రమంలో ప్లేస్ అనేది (మార్కెటింగ్ ప్రొఫెసర్ మెకార్తీ 1960లో నాలుగు 'పి'లుగా, అంటే ప్రోడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్‌గా ప్రచారంలోకి తెచ్చిన పట్టికలోది) సరుకు కొనేవాడి చేతికి చేరే దారి మొత్తం. పిల్లలేమో దుకాణం ఏ వీధిలో పెట్టాలో రాసి ఊరుకుంటారు. ఇలాంటి మాటలకు నిర్వచనం రాయించడం కన్నా, రెండు అర్థాల్లో రెండు వాక్యాలు రాయించడం మేలు.

నిర్వహణ సిద్ధాంతాలదీ ఇదే బాధ. 1916లో ఫ్రెంచిలో వెలువడిన హెన్రీ ఫేయోల్ 14 నిర్వహణ సూత్రాలను పాటలా వప్పజెప్పించే టీచర్లున్నారు. ఆదేశంలో ఏకత్వం, నిర్దేశంలో ఏకత్వం రెండింటినీ పక్కపక్కన పెట్టి అడిగితే తరగతి నిశ్శబ్దమవుతుంది. మొదటిది మనిషి గురించి: ఒక ఉద్యోగికి ఒకే పైఅధికారి నుంచి ఆదేశాలు. రెండోది పని గురించి: ఒకే లక్ష్యమున్న పనులన్నిటికీ ఒకే పథకం, ఒకే నాయకుడు. అమ్మకాల మేనేజర్ ఒకటి, ఫ్యాక్టరీ మేనేజర్ ఒకటి చెబితే నలిగిపోయే గుమాస్తా ఉదాహరణ మొదటిదానికి. ఒకే వస్తువుకు రెండు బృందాలు వేర్వేరు ప్రచార పథకాలు వేసుకోవడం రెండోదానికి. మనిషి అవసరాలను మెట్లుగా పేర్చిన మనస్తత్వవేత్త మాస్లో అవసరాల క్రమం 1943 నాటిది. దాని పిరమిడ్ బొమ్మ ఆయన గీసింది కాదు, తర్వాతివాళ్ల సృష్టి. అయినా పీరియడ్ సగం దానికి రంగులు వేయడంలో గడిచిపోతుంది. ఐదుగురు ఉద్యోగుల ఫిర్యాదులు రాసిచ్చి, ఎవరిది ఏ మెట్టు, సంస్థ ఏం చేస్తే తీరుతుంది, ఎంత ఖర్చవుతుంది అని అడగండి. రంగులు ఇంటి దగ్గర వేసుకుంటారు.

జవాబు రాయించడం

పరీక్షల్లో మార్కుల విభజన పేర్లు మారినా తరచుగా నాలుగు మెట్లు ఉంటాయి: జ్ఞానం, అన్వయం, విశ్లేషణ, మూల్యాంకనం. నలుగురికీ తెలిసిన ఈ మాటలు 1956లో విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం చేసిన అభ్యసన లక్ష్యాల వర్గీకరణ నుంచి వచ్చాయి. వీటిని పోస్టరుగా గోడకు అంటిస్తే ఏమీ జరగదు. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు పక్కపక్కన చూపించాలి.

మన కప్పుల సంస్థ ఇప్పుడు నెలకు 500 అమ్ముతోంది. ధరను 45కు తగ్గించాలా? బలహీనమైన జవాబు ఈ వ్యాసం మొదట్లో ఉన్నదే. బలమైనది ఇలా నడుస్తుంది: కంట్రిబ్యూషన్ 30 నుంచి 25కు పడిపోతుంది. ఇప్పటి లాభం 3,000 నిలవాలంటేనే 600 కప్పులు అమ్మాలి, అంటే ధర 10 శాతం తగ్గిస్తే అమ్మకాలు 20 శాతం పెరగాలి. యంత్రం 550 దగ్గర ఆగిపోతుంది కాబట్టి, అన్నీ అమ్ముడుపోయినా లాభం 1,750 మాత్రమే. కనుక యంత్రం సామర్థ్యం పెరిగేదాకా తగ్గించకూడదు. పోటీదారు ఇప్పటికే తగ్గించి ఉంటే, 500 కూడా అమ్ముడుపోకపోవచ్చు కాబట్టి నిర్ణయం మారొచ్చు.

ఈ జవాబును కాగితం మీద ఇచ్చి నాలుగు రంగుల పెన్నులతో ఏ ముక్క ఏ మెట్టుదో గీయించండి. తర్వాత బలహీనమైన జవాబును బాగుచేయమనండి. కొత్తది మొదటినుంచి రాయమంటే చేతులెత్తేసే పిల్లలు, పాడైనదాన్ని సరిచేయమంటే ఉత్సాహంగా చేస్తారు. "దానివల్ల", "అందుచేత", "అయితే ఇది ఎప్పుడు నిజం కాదంటే" అనే మూడు కలిపే మాటలు బోర్డు మూలన ఎప్పుడూ ఉంచండి. మూల్యాంకనం అంటే రెండు లాభాలు, రెండు నష్టాలు రాయడం అని పిల్లలు గట్టిగా నమ్ముతారు. తీర్పూ, ఆ తీర్పు దేనిమీద ఆధారపడుతుందో ఒక వాక్యమూ లేకపోతే అది వట్టి పట్టిక.

సొంతంగా కేసు రాయడం

పెద్ద బహుళజాతి సంస్థల కేసులు ట్రైనీలకు ఇష్టం, బోలెడు వీడియోలు దొరుకుతాయి. వాటితో రెండు చిక్కులు. పిల్లలు ఇచ్చిన సమాచారం వదిలేసి తమకు తెలిసింది రాస్తారు. పైగా ఆ సంస్థ పరిస్థితి ఏడాదికోసారి మారిపోతుంది. చిన్న, కల్పిత సంస్థను మీరే రాసుకోండి. 120 నుంచి 150 మాటలు, మూడు నాలుగు అంకెలు, ఒకే ఒక్క ఇరకాటం. సైకిల్ మరమ్మతు దుకాణం రెండో మనిషిని పెట్టుకోవాలా, యంత్రం కొనాలా అన్నంత చాలు. అంకెలన్నీ ముందు మీరే లెక్కవేసి చూడండి, రెండు దారుల ఫలితాలూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒక దారి స్పష్టంగా గెలిచిపోతే వాదించడానికి ఏమీ మిగలదు. పిల్లలు కాస్త ఆరితేరాక అక్కర్లేని అంకె ఒకటి కావాలనే చొప్పించండి.

గ్రూపు ఆటలు, సంస్థ నడిపే అభినయాలు ఈ సబ్జెక్టుకు బాగా నప్పుతాయి, పాడయ్యేదీ అంతే తొందరగా. నలుగురికి నాలుగు బాధ్యతలు, 20 నిమిషాలు, చివర్లో అంకెలున్న ఒక్క కాగితం. అంకెల కాగితం అడగకపోతే గ్రూపు మొత్తం లోగో గీయడంలో మునిగిపోతుంది.

దిద్దడం, మెంటర్ మాట

ఒక్కో పేపరూ మొదటినుంచి చివరిదాకా దిద్దొద్దు. ఒకే ప్రశ్నను అందరివీ వరసగా దిద్దండి, కొలత నిలకడగా ఉంటుంది. మొదటి ఐదు పెన్సిలుతో దిద్ది, మార్కింగ్ స్కీమ్‌తో మళ్లీ పోల్చుకుని, ఒకటి రెండు మెంటర్‌కు చూపించాక మిగతావి మొదలుపెట్టండి. ప్రతి పేపరు మీద పొడుగాటి వ్యాఖ్య రాయడం కొత్తవాళ్ల అలవాటు. తప్పులకు చిన్న సంకేతాలు పెట్టుకుని (సంస్థ ఊసు లేదు, గొలుసు తెగింది, తీర్పు లేదు), మరుసటి పీరియడ్‌లో పది నిమిషాలు వాళ్లనే సరిచేసుకోనివ్వండి.

మెంటర్ పాఠం చూసినప్పుడు పది లోపాలు చెప్పొచ్చు. పదింటినీ రాసుకోండి, వచ్చే వారానికి ఒక్కటే ఎంచుకోండి. దేన్ని చూడాలో పాఠానికి ముందే మెంటర్‌తో అనుకోండి. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగానే ఉంది" అనే వస్తుంది. "గొయ్యి బొమ్మ చెప్పాక వెనక వరస పిల్లలు 50తో భాగిస్తున్నారా, 30తోనా చూడండి" అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. ఆయన చూసింది ఇంటికెళ్లకముందే, మీరు ఖాళీగా తెచ్చుకున్న మూడో గడిలో ఆ అంశం పక్కనే రాసేయండి.